బ్లాత్ లంచం కాదంటే, అది అవినీతి కాదని అర్థమా?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. అలెనా లెదెనెవా అనే రష్యన్ రాజకీయ, సామాజిక శాస్త్రవేత్త సోవియట్ కాలపు "బ్లాత్"ను, అంటే డబ్బుతో కాక పరిచయాలతో పని జరిపించుకోవడాన్ని, లంచంతో కలపకూడదని అంటారు కదా, ఇది అవినీతికి మర్యాదైన పేరు పెట్టి వెనకేసుకు రావడం కాదా అన్నది మొదటిది. ఆమె చెప్పింది మన దేశంలోని సిఫారసులకూ మామూళ్ళకూ వర్తిస్తుందా, సివిల్స్ వ్యాసంలో వాడుకోవచ్చా అన్నది రెండోది. నేను 1984 నుంచి 1990 దాకా మాస్కోలో చదువుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు రష్యా రాజకీయాల గురించి విద్యార్థులకు పాఠాలు చెప్పాను. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదటి ప్రశ్నకు నా జవాబు: కాదు, ఆమె వెనకేసుకు రాలేదు. లంచం అని ముద్ర వేసి పక్కన పెట్టేస్తే మన కంటికి ఆనకుండా పోయే ఒక నష్టాన్ని ఆమె బయటికి తీశారు. అదేమిటో చెప్పాలంటే బ్లాత్ లోపలి నుంచి ఎలా ఉండేదో ముందు చెప్పాలి.

1986 చలికాలంలో నాకు గొంతు వాచి జ్వరం పట్టుకుంది. వైద్యుడు రాసిన మందు కోసం హాస్టల్ దగ్గరి మందుల దుకాణానికి వెళ్ళి క్యూలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దాయన ఉన్నారు. కిటికీ వెనక ఉన్నామె ఆయన చీటీ చూసి "న్యేత్" అంది. లేదు అని. నా చీటీ కూడా చూసి అదే మాట అంది. ఆ సాయంత్రం నా గదిలో ఉండే, రియాజాన్ అనే ఊరి కుర్రాడు వాళ్ళ పిన్నికి ఫోను చేశాడు. ఆమె ఊరికి ఇంకో కొసన ఇలాంటి మందుల దుకాణంలోనే పనిచేసేది. మర్నాడు అతను వార్తాపత్రికలో చుట్టిన మందు తెచ్చి నా మంచం మీద పెట్టాడు. ధర అచ్చంగా ప్రభుత్వం నిర్ణయించిన ధరే, ఒక్క కోపెక్కు ఎక్కువ లేదు.

జ్వరం తగ్గాక ఆమెకు కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళాను. మన దగ్గర అలవాటు ప్రకారం పది రూబుళ్ళ నోటు ఒకటి కవర్లో పెట్టి ఇవ్వబోయాను. ఆమె ముఖం ఎర్రబడింది. కవరు తాకనైనా తాకలేదు. బయటికి వచ్చాక నా స్నేహితుడు నన్ను గట్టిగా కోప్పడ్డాడు. "మా పిన్నిని నువ్వు లంచగొండిని చేశావు" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు వెంటనే తెలియలేదు. వేసవి సెలవుల తర్వాత ఇంటి నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు రెండు పొట్లాల అస్సాం టీపొడి పట్టుకెళ్ళి ఇచ్చాను. భారతీయ తేయాకు అంటే అప్పట్లో సోవియట్ ప్రజలకు ఎంత ఇష్టమో మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ కాలంలో అక్కడ ఉండి ఉంటే చెబుతారు. ఏనుగు బొమ్మ ఉన్న పొట్లం దుకాణంలోకి వచ్చిందంటే గంటలో అయిపోయేది. ఆమె ఆనందంగా తీసుకుంది, నన్ను కూర్చోబెట్టి సూపు పోసింది. కొన్ని నెలల తర్వాత ఆమె పక్కింటివాళ్ళ అమ్మాయికి ఇంగ్లిషు చెప్పగలవా అని అడిగింది. చెప్పాను. ఆ అమ్మాయి తండ్రి చెప్పుల దుకాణంలో పనిచేసేవాడు. ఆ ఏడాది చలికాలానికి నా కాళ్ళకు మంచి ఫిన్లాండు బూట్లు వచ్చాయి. వాటికీ ప్రభుత్వ ధరే చెల్లించాను.

ఇదే బ్లాత్. లెదెనెవా మాటల సారం చెప్పాలంటే, కొరతగా ఉన్న వస్తువులనూ సేవలనూ సంపాదించడానికి, నియమాల అడ్డంకులను దాటడానికి, పరిచయాలనూ చుట్టరికాలనూ వాడుకోవడం. దీనికి లంచంతో ఉన్న తేడా నా కవరు కథలోనే ఉంది. లంచం అపరిచితుల మధ్య కూడా నడుస్తుంది. మొత్తం ముందే తెలుస్తుంది, డబ్బు చేతులు మారగానే ఇద్దరి సంబంధం తెగిపోతుంది. బ్లాత్‌లో తిరిగి ఇవ్వాల్సింది ఏమిటో, ఎప్పుడో, ఎవరికో కూడా తెలియదు. నేను మందు తీసుకున్నది పిన్ని దగ్గర, ఋణం తీర్చింది పక్కింటి అమ్మాయికి. లెక్క తేలకుండా ఉండటమే ఆ సంబంధాన్ని నిలబెట్టేది. అక్కడ డబ్బు పెడితే స్నేహం కాస్తా బేరమైపోతుంది. ఆమెకు కోపం వచ్చింది అందుకే.

ఈ పదానికి పుట్టుక ఎక్కడో భాషావేత్తలు ఒక మాట మీద లేరు. పోలిష్, యిడ్డిష్ భాషల మీదుగా దొంగల పరిభాషలోకి వచ్చి, సోవియట్ పాలన మొదటి దశాబ్దాల్లో మామూలు జనం నోట పడిందని ఎక్కువమంది అంటారు. 1930ల నాటికే "బ్లాత్ సొవ్నార్కోమ్ కంటే పెద్దది" అనే సామెత పుట్టింది. సొవ్నార్కోమ్ అంటే అప్పటి మంత్రిమండలి. మర్యాదస్తులు ఆ పదం పలకకుండా "జీస్" అనేవారు, పరిచయాలు, సంబంధాలు అనే రెండు రష్యన్ మాటలకు పొడి అక్షరాలు అవి. స్టాలిన్ పేరు పెట్టిన మోటారు కర్మాగారానికి కూడా అవే పొడి అక్షరాలు కావడంతో మాట అందరికీ తేలిగ్గా పట్టుబడింది. కొనడం అనే క్రియ కూడా వాడుకలో మారిపోయింది. బూట్లు "కొన్నాను" అని ఎవరూ అనేవారు కాదు, "దస్తాల్" అనేవారు, ఎలాగో చేజిక్కించుకున్నాను అని. జేబులో డబ్బు ఉన్నా సరుకు దొరకని దేశంలో కొనడం అనే మాటకు బలం ఉండదు మరి.

లెదెనెవా నోవోసిబిర్స్క్‌లో చదువుకుని, కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసి, చాలా ఏళ్ళుగా లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో రాజకీయాలు, సమాజం అనే విషయానికి ఆచార్యులుగా ఉన్నారు. బ్లాత్ మీద ఆమె మొదటి పుస్తకం 1998లో వచ్చింది. అప్పటిదాకా సోవియట్ వ్యవస్థ గురించి రాసినవాళ్ళు పార్టీ, ప్రణాళిక, గూఢచారి సంస్థ, జైళ్ళు గురించి రాశారు. బ్లాత్ గురించి అందరికీ తెలుసు, కానీ దాన్ని పరిశోధనకు తగిన విషయంగా ఎవరూ పెద్దగా చూడలేదు. సోవియట్ యూనియన్ కూలిన కొద్ది ఏళ్ళలోనే, జ్ఞాపకాలు ఇంకా తడిగా ఉండగా, ఆమె మనుషుల దగ్గరకు వెళ్ళి కూర్చుని అడిగారు. ఆ పరిశోధన విలువంతా అక్కడే ఉందని నా నమ్మకం. దస్తావేజుల్లో దొరకని విషయం అది.

ఆమెకు దొరికిన అతి ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది, మీ వ్యాసంలో ఏది వదిలేసినా ఇది వదలకండి. బ్లాత్ గురించి అడిగితే అందరూ ఎదుటివాళ్ళ గురించి చెప్పారు. పక్కవాడు కొడుకును బ్లాత్‌తో కాలేజీలో చేర్పించాడు, పై అంతస్తు ఆవిడ బ్లాత్‌తో ఇల్లు సంపాదించింది. మరి మీరో అంటే, "నేను స్నేహితుడికి సాయం చేశాను", "తెలిసినవాళ్ళు కదా, కాదనలేకపోయాను" అన్నారు. చేసిన పని ఒకటే. ఎదుటివాడు చేస్తే బ్లాత్, నేను చేస్తే సాయం. ఫ్రెంచ్ సామాజికవేత్త పియెర్ బూర్ద్యూ కానుకల గురించి చెప్పిన భావన ఒకదాన్ని ఆమె ఇక్కడ వాడుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఉన్న లెక్కను ఇద్దరూ చూడనట్టు ఉండాలి, అప్పుడే అది కానుకగా నిలుస్తుంది. ఆ చూడకపోవడం నటన కాదు, మనిషి నిజంగానే నమ్ముతాడు. ఆ పిన్ని తనను తాను దయగల మనిషిగానే అనుకుంది. నిజంగా దయగల మనిషే.

ఇప్పుడు నా ముందు క్యూలో నిలబడ్డ పెద్దాయన దగ్గరకు వస్తాను. ఆయనకూ నాకూ ఒకే జవాబు వచ్చింది. నాకు మర్నాడు మందు వచ్చింది. ఆయనకు వచ్చిందో లేదో నాకు తెలియదు. పిన్ని ఇచ్చిన మందు ఆమె సొంతం కాదు, ప్రభుత్వానిది, అంటే చీటీ పట్టుకుని వచ్చిన ప్రతి రోగిదీ. ఆమె ఔదార్యానికి ఖర్చు భరించింది ఇంకొకరు. లెదెనెవా పుస్తకం నా చేతికి వచ్చేదాకా, అంటే దాదాపు పదమూడేళ్ళపాటు, ఆ పెద్దాయన నా ఆలోచనలోకే రాలేదు. స్నేహితుడు సాయం చేశాడు, పిన్ని సాయం చేసింది, నేను టీపొడి ఇచ్చాను, అంతా మంచివాళ్ళమే. బ్లాత్‌లో ఎప్పుడూ ఇద్దరు కనబడతారు, మూడోవాడు కనబడడు. లంచమైతే కనీసం నోటు ఉంటుంది, పట్టుకోవచ్చు. ఇక్కడ సాక్ష్యమంతా స్నేహమే. ఆ మూడో మనిషిని చూపించిన రచయిత అవినీతిని సమర్థించారని అనడం న్యాయం కాదు.

మరి ఇంత నష్టం చేసేదాన్ని సోవియట్ ప్రభుత్వం ఎందుకు సహించింది? క్రొకొదీల్ వ్యంగ్య పత్రికలో బ్లాత్ మీద బొమ్మలు వచ్చేవి, నాయకుల ఉపన్యాసాల్లో తిట్లు పడేవి, కానీ పెకలించే ప్రయత్నం జరగలేదు. ఎందుకంటే అది లేకుండా ప్రణాళికే నడవదు. గోస్‌ప్లాన్ అనే ప్రభుత్వ ప్రణాళికా సంఘం కాగితం మీద ఫలానా కర్మాగారానికి ఇంత ఉక్కు అని రాసేది. ఉక్కు సమయానికి వచ్చేది కాదు. ఉత్పత్తి లక్ష్యం తప్పితే డైరెక్టరు ఉద్యోగం పోతుంది. అందుకని ప్రతి పెద్ద కర్మాగారానికీ "తల్కాచ్" అనే మనిషి ఉండేవాడు, తోసేవాడు అని అర్థం. అతని అధికారిక హోదా వేరే ఏదో ఉండేది. పని మాత్రం కాన్యాక్ సీసాలూ పరిచయాలూ పట్టుకుని రైలెక్కి సరఫరాదారుల చుట్టూ తిరిగి సరుకు కదిలించడం. ప్రణాళిక నెరవేరేది ప్రణాళికను తప్పించుకునే మార్గంలో. దేశమంతటా ఇంటింటికీ జరిగిందీ ఇదే. కొరతను జనం బ్లాత్‌తో ఓర్చుకున్నారు. ఓర్చుకున్నారు కాబట్టి వ్యవస్థ మారాల్సిన అవసరం కనబడలేదు. బ్లాత్ మూలంగా కొరత ఇంకా పెరిగింది, ఎందుకంటే సరుకు దుకాణం ముందు తలుపు దాకా రాకుండానే వెనక తలుపు నుంచి వెళ్ళిపోయేది. 1985 మే నెలలో గోర్బచోవ్ మద్య వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టాక ఒక్క వోడ్కా సీసాతో ప్లంబరు నుంచి టాక్సీ డ్రైవరు దాకా అందరినీ కదిలించవచ్చని నేను కళ్ళారా చూశాను. నిషేధం కొరతను పుట్టించింది, కొరత కొత్త నాణేన్ని పుట్టించింది.

1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. 1993లో అనువాదం పని మీద నేను మళ్ళీ మాస్కో వెళ్ళినప్పుడు ఆ పిన్నిని చూడటానికి వెళ్ళాను. ఆమె దుకాణం అరల నిండా జర్మనీ మందులు, స్విట్జర్లాండు మందులు. ధరలు చూస్తే గుండె ఆగేలా ఉన్నాయి. "ఇప్పుడు నాకు ఎవరూ ఫోను చేయడం లేదు" అంది. చేతిలో అన్నీ ఉన్న కాలంలో ఆమె చేయగలిగే ఉపకారం ఏమీ మిగల్లేదు, ఎందుకంటే ఇప్పుడు కొరత మందులకు లేదు, డబ్బుకు ఉంది. ఆ రోజు ఆమె వంటగదిలో కూర్చున్నప్పుడు, పోయింది కేవలం ఒక చెడ్డ అలవాటే అనుకోలేకపోయాను. ఆమె చుట్టూ ఉన్న మనుషుల అల్లిక మొత్తం సడలిపోయింది.

బ్లాత్ మాత్రం చావలేదు, కొరత ఉన్న చోటికి, అంటే పైకి వెళ్ళింది. బ్యాంకు అప్పులు, ఎగుమతి అనుమతులు, ప్రభుత్వ ఆస్తులు. 1995 చివర్లో ప్రభుత్వానికి అప్పు ఇచ్చి, తాకట్టుగా పెద్ద సంస్థల వాటాలు తీసుకునే వేలాలు జరిగాయి. నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటా సుమారు 17 కోట్ల డాలర్లకు పోయింది. వేలం నిర్వహించిన బ్యాంకుకు చెందినవాళ్ళకే అది దక్కింది. మందు పొట్లం స్థాయిలో ఉన్న "మనవాళ్ళు" అనే సూత్రం గనుల స్థాయికి చేరింది, ఈసారి డబ్బుతో కలిసి. లెదెనెవా కూడా ఇక్కడ చాలా స్పష్టంగా ఉన్నారు. సోవియట్ బ్లాత్, ఆ తర్వాతి కాలపు పలుకుబడి ఒకటి కావు, డబ్బు కలవగానే దాని స్వభావం మారిపోయిందని అంటారు. ఆమె వర్ణించిన పాత బ్లాత్‌ను తీసుకొచ్చి ఇవాళ్టి రష్యా ధనవంతులకు అంటగట్టే వ్యాసాలు ఇంగ్లిషులో కూడా చాలా వస్తున్నాయి. వాటిని నమ్మకండి.

2006లో వచ్చిన రెండో పుస్తకంలో ఆమె 1990ల పద్ధతులను ఒక్కొక్కటిగా విప్పారు. నగదు లేకుండా సంస్థల మధ్య సరుకు మార్పిడి ఉంది. 1998 నాటికి పారిశ్రామిక అమ్మకాల్లో దాదాపు సగం ఇలా జరిగేవి, జీతాలకు బదులు తువ్వాళ్ళూ పళ్ళేలూ ఇచ్చిన కర్మాగారాలు ఉన్నాయి. రెండు రకాల పద్దు పుస్తకాలు ఉన్నాయి. ప్రత్యర్థి మీద పోగుచేసి పెట్టుకునే చెడ్డ సమాచారం ఉంది, దాన్ని రష్యన్లు "కంప్రమాత్" అంటారు. 1999 మార్చిలో దేశ ప్రధాన ప్రాసిక్యూటర్‌ను పోలిన వ్యక్తి ఇద్దరు యువతులతో పడకగదిలో ఉన్న వీడియోను ప్రభుత్వ టెలివిజన్ ప్రసారం చేసింది. ఆయన అప్పటికి క్రెమ్లిన్ ఖర్చుల మీద దర్యాప్తు నడిపిస్తున్నారు. 

వీటన్నిటిలో నేను తరగతిలో ఎక్కువసేపు చెప్పేది "క్రుగవాయా పరూకా" గురించి. అక్షరాలా చూస్తే గుండ్రంగా నిలబడి ఒకరికొకరు పూచీ ఉండటం. జార్ల కాలంలో ఊరు మొత్తం కలిసి పన్ను కట్టాలి, ఒక రైతు ఎగ్గొడితే మిగతావాళ్ళు మోయాలి. 1903లో చట్టం నుంచి తొలగించారు, మనుషుల మధ్య నుంచి పోలేదు. కార్యాలయంలో నలుగురూ తప్పులో భాగం పంచుకుంటే ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయలేరు. తప్పు చేయనివాడే అందరికీ ప్రమాదం అవుతాడు. అందుకని మొదటి నెలలోనే కొత్తవాడి చేతులకూ ఆ బురద పూస్తారు. నిజాయితీగల ఉద్యోగి ఎందుకు ఒంటరివాడవుతాడో తెలియాలంటే ఈ ఒక్క మాట చాలు.

2013 పుస్తకంలో ఆమె "సిస్తేమా" అనే మాటను తీసుకున్నారు. వ్యవస్థ అనే మామూలు పదమే, కానీ రష్యాలో ఎవరైనా భుజాలు ఎగరేసి "సిస్తేమా" అంటే అర్థం వేరు: పైవాళ్ళు, వాళ్ళ మనుషులు, రాయని కట్టుబాట్లు. ఈ పాలన నియమాలతో కాక మనుషులతో నడుస్తుంది. దానికి గుర్తు ఒక టెలిఫోను. సోవియట్ కాలం నుంచీ పెద్ద అధికారుల బల్లల మీద ప్రత్యేకమైన ప్రభుత్వ ఫోను ఉండేది. సాధారణ ఫోనుల్లో ఆపరేటరును అడగాల్సిన రోజుల్లో దీనికి తిప్పే చక్రం ఉండేది కాబట్టి దాన్ని "వెర్తూష్కా" అన్నారు. ఆ ఫోను బల్ల మీద ఉండటమే హోదా. న్యాయమూర్తికి పై నుంచి ఫోను రావడాన్ని రష్యన్లు "టెలిఫోను చట్టం" అంటారు. అందులో రాతపూర్వకమైన ఆదేశం ఏదీ ఉండదు, ఋజువు ఉండదు. చాలాసార్లు ఫోను మోగనవసరం కూడా ఉండదు, మోగితే ఏమి చెబుతారో న్యాయమూర్తే ఊహించుకుని తీర్పు రాస్తాడు.

మరి చట్టాలు లేవా అంటారేమో. దండిగా ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి అవినీతి వ్యతిరేక ఒప్పందాన్ని రష్యా 2006లో ఆమోదించింది. 2008 డిసెంబరులో ప్రత్యేక చట్టం చేసింది. అధికారి తీసుకోదగ్గ కానుక విలువ 3,000 రూబుళ్ళు మించకూడదని పౌర స్మృతిలో ఉంది. 2016లో 10,000 రూబుళ్ళ లోపు చిన్న లంచాలకు శిక్షాస్మృతిలో వేరే సెక్షన్ చేర్చారు. అదే ఏడాది నవంబరులో ఆర్థికాభివృద్ధి మంత్రి ఉల్యుకాయెవ్‌ను 20 లక్షల డాలర్ల లంచం కేసులో అరెస్టు చేశారు, మరుసటి ఏడాది ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. రక్షణ శాఖ ఉపమంత్రి తిముర్ ఇవానోవ్‌ను 2024 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు, 2025లో 13 ఏళ్ళ శిక్ష వేశారు. మరోపక్క 2022 డిసెంబరు చివర్లో అధికారుల ఆస్తుల ప్రకటనలు బహిరంగంగా పెట్టాల్సిన అవసరం లేకుండా ఉత్తర్వు వచ్చింది. 2023 మార్చిలో ప్రపంచ దేశాల అవినీతిని గమనించే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థను "అవాంఛనీయ సంస్థ"గా ప్రకటించారు. మంత్రులు జైలుకు వెళుతున్నారు, లెక్కలు మాత్రం కనబడకుండా పోతున్నాయి. ఈ రెండూ ఒకే దేశంలో ఎలా పొసుగుతాయో లెదెనెవా చెప్పిన "వాయిదా పడిన శిక్ష" అనే భావనతో తెలుస్తుంది. చట్టాలు ఎవరూ పూర్తిగా పాటించలేనంతగా, ఒకదానికొకటి అడ్డుపడేలా ఉంటే, ప్రతివాడూ ఏదో ఒక తప్పు చేసినవాడే. శిక్ష అందరి తలల మీదా వేలాడుతుంది, విధేయత తప్పినవాడి మీద పడుతుంది. అవినీతి నిరోధక చట్టమే విధేయతను కాపాడే పనిముట్టవుతుంది. మనలో చాలామంది "కఠినమైన చట్టం తెస్తే చాలు" అనుకుంటారు, రష్యా అనుభవం చదివాక ఆ మాట అనేముందు ఆగాలి.

ఆమెతో నాకు ఒకచోట పేచీ ఉంది. సిస్తేమా అనే మాట అన్నిటినీ తనలో కలుపుకుంటుంది. అధ్యక్షుడి స్నేహితుల వలయమూ అదే, జిల్లా అధికారి బంధుప్రీతీ అదే. అన్నీ ఒకటే అయినప్పుడు ఏది దేనికి కారణమో తేల్చలేం, ఎవరు బాధ్యులో చెప్పలేం. వ్యవస్థలో అందరూ బందీలే, పైనున్నవాడు కూడా, అనే మాటలో నిజం ఉన్నా, పైనున్నవాడికి ఎంచుకునే వీలు మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువ ఉందని నా అభిప్రాయం. ఈ విషయంలో రాజకీయ శాస్త్రవేత్త వ్లాదిమిర్ గెల్మన్ రాతలు నాకు మరింత నచ్చుతాయి. రష్యాలో పాలన చెడ్డగా ఉండటం ప్రమాదవశాత్తు జరిగింది కాదని, పాత సంస్కృతి శాపమూ కాదని, పాలకులు తమ లాభం కోసం కావాలని నిర్మించి నిలబెట్టుకున్నదని ఆయన వాదిస్తారు. 1990ల్లో వ్యాపారులు రక్షణ కోసం ముఠాలకు కప్పం కట్టడాన్ని, ఆ చోటును తర్వాత ప్రభుత్వ బలగాల మనుషులు ఆక్రమించడాన్ని సామాజిక శాస్త్రవేత్త వదీమ్ వోల్కొవ్ వర్ణించారు. ముగ్గురినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకరు వదిలేసింది ఇంకొకరిలో దొరుకుతుంది.

ఇక రెండో ప్రశ్న. మన దగ్గర వర్తిస్తుందా? జాగ్రత్తగా వాడితే వర్తిస్తుంది. రష్యన్‌లో "స్వోయ్" అనే మాటకు నేను చూసిన భాషల్లో అతి దగ్గరి అనువాదం తెలుగులో ఉంది: మనవాడు. ఇంగ్లిషులో ఆ బరువు రాదు. "మనవాడే, చూసి పెట్టండి" అన్న వాక్యంలో లెదెనెవా పుస్తకం సగం ఉంది. చెప్పినవాడికి అది అన్యాయంగా తోచదు, విన్నవాడు కాదంటే మర్యాద తప్పినవాడవుతాడు, మనవాడు కానివాడు ఆ గదిలోనే ఉండడు. మామూలు అనే మాట కూడా ఆలోచించదగ్గది. రోజూ ఉండేదానికీ, అధికారికి ముట్టజెప్పేదానికీ ఒకే పదం. జార్ల కాలపు 1845 శిక్షాస్మృతి చేయాల్సిన పనికే సొమ్ము తీసుకోవడాన్ని ఒక పేరుతో, చేయకూడని పని చేసి తీసుకోవడాన్ని ఇంకో పేరుతో పిలిచి, రెండోదానికి ఎక్కువ శిక్ష పెట్టింది. మన మామూలు ఎక్కువగా మొదటి రకం. సిఫారసు బ్లాత్‌కు దగ్గర. ఈ రెండింటినీ మీ వ్యాసంలో కలపకండి, ఎందుకంటే రెండింటికీ విరుగుడు వేరు. మామూలును ఆన్‌లైన్ దరఖాస్తు, గడువు, రసీదు చాలావరకు తగ్గించగలవు. సిఫారసుకు అవి చాలవు. అక్కడ సీట్ల కొరత, పడకల కొరత తీరాలి, ఎంపిక ఎలా జరిగిందో అందరికీ కనబడాలి.

జుగాడ్‌ను బ్లాత్‌తో సమానం చేస్తూ రాసిన జవాబులు నేను చాలా దిద్దాను. అది పొరపాటు. జుగాడ్‌లో ప్రధానం ఉన్న వస్తువుతో పని గడుపుకునే నేర్పు, దానికి ఇంకొకరి వాటా లాక్కోనవసరం లేదు. చైనాలో గ్వాన్షీ, అరబ్బు దేశాల్లో వాస్తా అనే పరిచయాల పద్ధతులు బ్లాత్‌తో పోల్చదగినవి, అయినా గ్వాన్షీలో కానుకల ఆచారం, వాస్తాలో తెగ, కుటుంబ పెద్దరికం బ్లాత్‌లో లేని పాత్ర పోషిస్తాయి.

అవినీతి సూచికల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ట్రాన్స్‌పరెన్సీ సంస్థ 2024 సూచికలో వందకు రష్యాకు 22, భారత్‌కు 38 వచ్చాయి, అంకె పెరిగేకొద్దీ అవినీతి తక్కువని అర్థం. అవి నిపుణులూ వ్యాపారులూ ఏమనుకుంటున్నారో చెప్పే అంకెలు. డబ్బు అడిగితే వ్యాపారి గుర్తుపెట్టుకుంటాడు. పిన్ని చేసిన ఉపకారాన్ని అవినీతి అని ఎవరు రాస్తారు? నేనే రాయలేదు కదా పదమూడేళ్ళు. మన అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణ "అనుచిత ప్రయోజనం" అనే మాట వాడి, అది డబ్బే కానవసరం లేదని చెప్పింది. లెదెనెవా వాదాన్ని భారతీయ చట్టంతో కలపడానికి అక్కడ మీకు ఒక మంచి వంతెన దొరుకుతుంది.

చదవడానికి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. ఆమె సంపాదకత్వంలో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి అనధికార పద్ధతుల మీద విజ్ఞాన సర్వస్వం వచ్చింది, రెండు సంపుటాలు 2018లో, మూడోది 2024లో. వందలమంది పరిశోధకులు రాశారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందుమాటతో మొదలుపెట్టకండి, బరువుగా ఉంటుంది. మొదటి సంపుటంలో బ్లాత్, గ్వాన్షీ, నియమాన్ని ఎలాగో దాటి పని గడుపుకునే బ్రెజిల్ వాళ్ళ జెయితిన్యో మీద ఉన్న చిన్న వ్యాసాలు వరసగా చదవండి, ఒక సాయంత్రం పట్టదు. చదువుతున్నప్పుడు ప్రతి పద్ధతి పక్కనా ఒక కాగితం మీద రాసుకోండి: ఇక్కడ క్యూలో ఎవరు ఉన్నారు, చీటీ చూపించినా "లేదు" అనిపించుకుని ఎవరు వెనుదిరిగారు. ఆ కాగితం మీ దగ్గర ఉంటే వ్యాసానికి నా సాయం అక్కర్లేదు. రాశాక పంపితే మాత్రం తప్పకుండా చదువుతాను.